ఆదినాయుడు గారి ఇల్లు ఖాళీ

మా ఇంట్లో గురక ఎవరిదన్న విషయం మీద చాలాకాలంగా కేసు నడుస్తోంది. ముద్దాయిని నేను. ఫిర్యాదు చేసింది, సాక్ష్యం చెప్పింది, తీర్పు ఇచ్చింది కూడా మా ఆవిడ రజినే. ఇలాంటి కోర్టులో న్యాయం దొరకదని తెలిసి, ఒక రోజు పడుకునే ముందు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి తలగడ పక్కన ఉంచాను. నేను నిర్దోషినని నా ఫోనే చెబుతుందని నా నమ్మకం.

పొద్దున చాయ్ తాగుతూ ఇద్దరం విన్నాం. నా గురక ఉంది. బాగానే ఉంది. రజిని కేసు గెలిచిన లాయరులా బిస్కెట్ ముంచుకుంది.

అయితే నా గురక వెనకాల ఇంకొకటి వినిపించింది. సన్నగా, ఎవరో చిన్న రంపంతో కర్ర కోస్తున్నట్టు. అది మా అమ్మాయి భూమికది. యూకేజీ చదువుతోంది. ఆ రంపం నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. రికార్డింగ్ కూడా అయిపోయిందేమోనని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. అవలేదు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తూనే ఉంది. నాకు తెలియకుండానే నేనూ ఊపిరి బిగపట్టాను. అప్పుడు, నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలినట్టు, ఒక పెద్ద ఊపిరి. ఆ తర్వాత మళ్లీ రంపం.

రజిని కప్పు కింద పెట్టేసింది.

"గిది గురక కాదు సంజీవ్. పిల్లకు ఊపిరి ఆడుతలేదు."

రజిని, నేను ఇప్పుడు నేను పనిచేస్తున్న యూనివర్సిటీలోనే ఎమ్మెస్సీ కలిసి చదువుకున్నాం. అందుకే నన్ను పేరు పెట్టి పిలుస్తుంది, నువ్వు అంటుంది, ఇంకా ఏమేమో అంటుంది. తను రామంతాపూర్‌లో ఒక బడిలో సైన్సు టీచర్. నేను క్యాంపస్‌లోనే జియాలజీ చెబుతాను. నా వృత్తి రాళ్లు. నా మనసు మాత్రం రాయి కాదని, వెన్నముద్ద అని, అది కూడా ఎండలో పెట్టిందని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే తార్నాకలో, మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌కు వెళ్లాం. పిల్లల ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టర్ హరిచందన గారు భూమికను చూసి, ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు ఎత్తిపట్టి మాకు చూపించారు. భూమిక అప్పుడు బయట అక్వేరియం దగ్గర, చేపలు రెప్ప ఎందుకు వేయవో రిసెప్షన్ అమ్మాయిని నిలదీస్తోంది.

డాక్టర్ గారు చెప్పింది ఇది. ముక్కు వెనకాల, కొండనాలుకకు పైన, అడినాయిడ్ అనే మెత్తటి కండ ఉంటుంది. అది పిల్లలందరికీ ఉండేదే. మా భూమికకు బాగా పెరిగి గాలి వెళ్లే దారి మూసేసింది. నోరు తెరిచి పడుకోవడానికి, చెవులు దిబ్బడ వేసి టీవీ సౌండ్ పెంచమని గోల చేయడానికి కూడా అదే కారణం. మత్తు ఇచ్చి నోట్లోంచే తీసేస్తారట. బయట కోత ఉండదు, కుట్లు ఉండవు, మర్నాడు ఇంటికి వెళ్లిపోవచ్చు. చాలా చిన్న ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ చిన్నదే కావచ్చు, పిల్ల కూడా చిన్నదే కదా అన్నాను. అందుకు ఆవిడ నవ్వి, సోమవారం ఉదయం తీసుకురమ్మన్నారు.

ఇప్పుడు భూమికకు చెప్పడం ఎలా?

భూమిక గురించి ఒక మాట చెప్పాలి. దానికి ఏ వస్తువు కనిపించినా లోపల ఏముందో చూడాలి. టీవీ రిమోట్ లోపల చూసింది. నా చేతి గడియారం లోపల చూసింది. నేను నల్లగొండ కొండల్లోంచి మోసుకొచ్చిన రాయి లోపల ఏముందో చూడటానికి దాన్ని బాల్కనీలోంచి కింద పడేసింది. లోపల కూడా రాయే ఉందని బాధపడింది. అటువంటి పిల్లకు నీ లోపల కత్తి పెడతారని చెబితే ఎంత బెదిరిపోతుందో అని నాకు దిగులు పట్టుకుంది.

సలహా కోసం మా క్యాంపస్‌లోనే సైకాలజీ చెప్పే శశిభూషణ్ దగ్గరికి వెళ్లాను. ఆయనకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. అందుకని పిల్లల పెంపకం మీద చాలా స్పష్టమైన అభిప్రాయాలు ఉన్నాయి. రజిని ఆయన్ను సలహాభూషణ్ అంటుంది. పిల్ల ముందు ఆపరేషన్ అన్న మాట ఎత్తకూడదని, దాని బదులు ఒక పాత్రను సృష్టించి సంకేత భాషలో మాట్లాడాలని, అలా చేస్తే భయం పుట్టడానికి చోటే ఉండదని ఆయన సెలవిచ్చారు. తిరిగి వచ్చేలోపు నేను పాత్రను సృష్టించేశాను. అడినాయిడ్ కాస్తా ఆదినాయుడు గారయ్యారు.

రజినికి ఇది నచ్చలేదు.

"పిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. గాడికి పోయినంక తెలిస్తే నిన్ను మల్ల నమ్మదు."

సైన్సు టీచర్లకు తండ్రి మనసు అర్థం కాదన్నాను. వాదిస్తుందనుకున్నాను. సరే, నీ ఇష్టం అంది. ఇంతకాలం కాపురం చేశాక, నీ ఇష్టం అన్న మాటలో నా ఇష్టం ఎక్కడా ఉండదని నాకు తెలిసి ఉండాల్సింది.

ఆ రోజు అన్నాల దగ్గర పథకం మొదలుపెట్టాను. సోమవారం ఆదినాయుడు గారు ఖాళీ చేస్తున్నారట అన్నాను, గాలిలోకి చూస్తూ. భూమిక ముద్ద ఆపింది. ఆదినాయుడు ఎవరని అడిగింది. తార్నాకలో ఉండే ఒక తాత అన్నాను. ఎందుకు ఖాళీ చేస్తున్నాడంది. ఇల్లు ఇరుకైపోయిందన్నాను. ఇల్లు ఎట్ల ఇరుకైతది అంది.

"ఇల్లు గంతనే ఉన్నది బిడ్డా. తాతనే లావైండు."

భూమిక వాళ్లమ్మ వైపు చూసింది. రజిని తల వంచుకుని పెరుగు వడ్డిస్తోంది. పాపం, ఏడుపు ఆపుకుంటోంది కాబోలు అనుకున్నాను.

మేమంతా సోమవారం వెళ్లి తాతకు వీడ్కోలు చెబుతామని, అక్కడ ఐస్‌క్రీమ్ పెడతారని చెప్పి ముగించాను. శశిభూషణ్ గారి శాస్త్రం మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ గౌరవం మర్నాటి మధ్యాహ్నం దాకా నిలబడింది. భూమికను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని బడి నుంచి తీసుకొస్తుంటే, కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసే పరుశురాం చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. పరుశురాం మంచివాడు. మౌలాలిలో అద్దెకుంటూ, క్యాంపస్ క్వార్టర్ కోసం అర్జీ పెట్టుకుని, నెత్తి మీద వెంట్రుకలు పోయేదాకా ఎదురుచూస్తున్నాడు. వాళ్ల పాప భూమిక క్లాసే. ఆదినాయుడు గారు ఇల్లు ఖాళీ చేస్తున్నారన్న వార్త ఆ దారిన వాళ్లింటికి చేరింది. అంత దగ్గరివాణ్ణి, నాకు ముందే ఒక మాట చెప్పొద్దా సార్ అని నొచ్చుకున్నాడు.

నిజం చెప్పేద్దును. కానీ నా గడ్డం కింద భూమిక రెండు చెవులూ రిక్కించి నిలబడి ఉంది.

"గది మీకు పనికిరాదు పరుశురాం. మస్తు చిన్న ఇల్లు," అన్నాను.

"చిన్నగుంటే ఏమైతది సార్. ఉండేది ముగ్గురమే."

"గాలి రాదు."

"ఫ్యాన్ పెట్టుకుంట."

"ఎప్పుడు చూడు తడిగనే ఉంటది."

"మా మౌలాలి ఇంట్ల గోడలకెల్లి నీళ్లు కారుతయి సార్. అలవాటే."

అసలు ఆ ఇంటిని సోమవారం కూలగొట్టేస్తున్నారని చెప్పాను. పరుశురాం నమ్మలేదు. మంచి ఇల్లు కాకపోతే ఇన్ని వంకలు ఎందుకు చెబుతానని అతని అనుమానం. ఓనర్‌తో ఒకసారి మాట్లాడించమని బతిమాలాడు. నేను నోరు తెరిచేలోపు కింది నుంచి భూమిక అందుకుంది.

"ఓనర్ ఒప్పుకోదు అంకుల్."

ఓనర్ లేడీసా అని పరుశురాం ఇంకా ఆశపడ్డాడు. నేను స్కూటర్ ముందుకు పోనిచ్చాను. దారిపొడుగునా భూమిక హ్యాండిల్ పట్టుకుని ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. సమయానికి నన్ను ఆదుకుందని మురిసిపోయానే తప్ప, ఆ ముక్క ఎలా అన్నదో ఆలోచించలేదు.

ఆదివారం నాటికి క్వార్టర్ల కోసం ఎదురుచూసే వాళ్లందరికీ కబురు పాకి, ఖాళీ అయ్యేది క్యాంపస్ క్వార్టరే అన్నట్టు మారింది. క్వార్టర్లు కేటాయించే ఆఫీసులో ఆదినాయుడు అన్న పేరే లేదని తెలిశాక, ఎవరో అనుమతి లేకుండా ఏళ్ల తరబడి మకాం పెట్టారని అనుకోవడం మొదలైంది. ఒక రకంగా అది నిజమే కాబట్టి నేను ఖండించలేదు. పరుశురాం సాయంత్రం వచ్చి, పెద్దాయన సామాను దించడానికి తానూ వస్తానని, ఆ వంకతో ఓనరమ్మను కలుస్తానని, తార్నాకలో ఎక్కడో చెప్పమని పట్టుబట్టాడు. వదిలించుకుందామని నర్సింగ్ హోమ్ సందు అనేశాను.

సోమవారం పొద్దున భూమికకు ఏమీ తినిపించకూడదు. వీడ్కోలుకు ఖాళీ కడుపుతో ఎందుకు వెళ్లాలి అని అడిగితే చెప్పడానికి మంచి కథలు సిద్ధం చేసుకున్నాను. అది అడగలేదు. పాలు కూడా అడగలేదు. నాకు ప్రాణం చివుక్కుమంది. పిల్ల తినేదాకా నేనూ తినను అని ప్రకటించాను. రజిని రెండు ఇడ్లీలైనా తినమంది. అక్కడ నువ్వు పడిపోతే నాకు ఇద్దరైతరు అంది. నేను వినలేదు. మళ్లీ నీ ఇష్టం అంది.

నర్సింగ్ హోమ్‌లో భూమికకు లేతనీలం గౌను తొడిగారు. వీడ్కోలుకు వచ్చే వాళ్లందరికీ ఇదే యూనిఫామ్ అన్నాను. నర్సు నన్ను వింతగా చూసింది. భూమిక మాత్రం గౌనుకు నాడాలు వెనకాల ఎందుకు ఉన్నాయో నర్సును అడిగి తెలుసుకుంది.

అంతలో కింద గొడవ వినిపించింది. మెట్ల మీంచి తొంగి చూస్తే పరుశురాం. బయట ఒక ట్రాలీ ఆటో కూడా ఉంది.

"ఆదినాయుడు సార్ ఎక్కడున్నడమ్మా?" అని రిసెప్షన్ అమ్మాయిని అడుగుతున్నాడు.

ఆ అమ్మాయి కంప్యూటర్‌లో వెతికి, ఆ పేరుతో పేషెంట్ లేరంది.

"పేషెంట్ కాదు, ఖాళీ చేస్తున్నడు."

"డిశ్చార్జా సార్?"

"గట్లనే అనుకో."

డిశ్చార్జ్ కావాల్సిన ముసలాయన ఎవరో కనిపించడం లేదని ఆ అమ్మాయి కంగారుపడి పైకి ఫోన్ చేసింది. పైవాళ్లు బాత్రూములు వెతకడం మొదలుపెట్టారు. నేను దిగి వెళ్లి పరుశురాంను ఒక మూలకు లాక్కెళ్లి, ఉన్నదంతా చెవిలో చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

"గంత చిన్న పిల్లకు ఆపరేషన్ పెట్టుకొని నాతోని ఇల్లు ముచ్చట్లు చెప్పినవా సార్," అన్నాడు.

వెళ్లి ట్రాలీ ఆటోను పంపించేసి వచ్చాడు. పైకొచ్చి, రజినికి కొంచెం దూరంగా బెంచీ మీద కూర్చున్నాడు. అయిపోయేదాకా కదలనన్నాడు.

పిల్లకు మత్తు ఎక్కేదాకా అమ్మానాన్నల్లో ఒకరు థియేటర్ లోపలికి రావచ్చని డాక్టర్ హరిచందన గారు చెప్పారు. సహజంగానే నేను రజిని వైపు చూశాను. భూమిక నా వేలు పట్టుకుంది.

"డాడీ వస్తడు."

రజిని నన్ను వెనకనుంచి చిన్నగా తోసింది.

ఆకుపచ్చ అంగీ నాకు ఇచ్చారు. ముందుది వెనక వేసుకుంటే విప్పించి మళ్లీ వేశారు. లోపల చలి. పైన ఒక పెద్ద గుండ్రటి లైటు. బల్ల మీద పడుకుంటే భూమిక బల్లలో పావు వంతు కూడా లేదు. ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏం కథ చెప్పాలా అని నేను వెతుక్కుంటుంటే, అది తల పక్కకు తిప్పి డాక్టర్ గారిని పిలిచింది.

"డాక్టర్ ఆంటీ, ఆదినాయుడిని తీసినంక నాకు చూపిస్తరా? లోపల ఏమున్నదో చూస్త."

ఆదినాయుడు ఎవరని ఆవిడ అడిగారు.

"అడినాయిడ్. మా డాడీ గట్ల అంటడు."

డాక్టర్ గారి ముఖానికి మాస్క్ ఉంది. కళ్లు మాత్రం నా వైపు తిరిగాయి. ఆ కళ్లు నవ్వుతున్నాయి. తప్పకుండా చూపిస్తానని భూమికకు మాట ఇచ్చారు.

నీకు ముందే తెలుసా అని భూమికతో గొణిగాను. అమ్మ చెప్పిందంది. ఎక్స్‌రే కూడా చూపించిందంది. మరి నాతో ఎందుకు అనలేదని అడిగాను.

"నువ్వు మంచిగ చెప్తున్నవ్ కద, రోజు కొత్త కొత్తగ. ఇంకేం చెప్తవో చూద్దామని."

అంటే ఇన్నాళ్లూ నేను కూడా ఒక రిమోట్‌నే. నా లోపల ఏముందో పిల్ల మూత తీసి చూస్తూనే ఉంది.

మత్తు డాక్టర్ మాస్క్ చూపించాడు. భూమిక దాన్ని తనే అందుకుని ముక్కు మీద పెట్టుకుంది, ఎన్నోసార్లు పెట్టుకున్నట్టు. ఒకసారి తీసి నా వైపు చూసింది.

"నువ్వు భయపడకు డాడీ. నేను నిద్రపోయినా మల్ల లేపుతరు. అమ్మ అడిగింది."

మళ్లీ పెట్టుకుంది. ఊపిరి పీల్చింది, వదిలింది. నా వేలి చుట్టూ ఉన్న దాని పిడికిలి మెల్లగా వదులైంది. కళ్లు సగం మూసి, నన్ను చూస్తున్నట్టే ఉండి, చూడటం మానేశాయి. నేను దాని ఛాతీ వైపే చూస్తున్నాను. ఫోన్‌లో విన్న ఆ నిశ్శబ్దం నా చెవుల్లో మళ్లీ మొదలైంది. పక్కన మెషిన్‌కు వేలాడుతున్న రబ్బరు తిత్తి ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది. అది మా అమ్మాయి ఊపిరేనని మత్తు డాక్టర్ చెప్పాడు. పడుకుంది, ఇక మీరు వెళ్లొచ్చు అన్నాడు.

వెళ్దామనే తిరిగాను. కానీ తలుపు ఉండాల్సిన చోట లేదు. నేల మాత్రం దగ్గరగా వచ్చింది.

అది ఆకలి వల్లేనని నేను ఇప్పటికీ అంటాను.

కళ్లు తెరిచేసరికి వార్డులో మంచం మీద ఉన్నాను. చేతికి గ్లూకోజ్ పెట్టారు. పైన రజిని ముఖం, దాని వెనక పరుశురాం గుండు. భూమిక ఎలా ఉందన్నాను. ఇంకా లోపలే ఉందని, అంతా బాగా జరుగుతోందని చెప్పారని రజిని అంది. పరుశురాం మర్యాదగా బయటకు వెళ్లాడు.

పిల్లకు ఎప్పుడు చెప్పావని అడిగాను. నువ్వు సలహాభూషణ్ దగ్గరికి పోయినప్పుడే అంది. చాయ్ వడగట్టే జాలి ముక్కు మీద పెట్టి మాస్క్ ఆట కూడా ఆడించిందట. నాకు చెప్పొద్దన్నది మాత్రం భూమికేనట. మరి అంతా తెలిసినదానివి, లోపలికి నువ్వే వెళ్లక నన్నెందుకు తోశావన్నాను.

రజిని గ్లూకోజ్ చుక్క ఎలా పడుతుందో సరిచూస్తున్నట్టు పైకి చూసింది.

"దాని కండ్లు మూతపడుతుంటే నేను చూడలేను సంజీవ్. నీకన్న చెప్పుకోనీకి కతలున్నయి. నాకు గవ్వి గూడ లేవు."

ఇంట్లో భయపడేది నేనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాను. సూది లేని చేత్తో తన చెయ్యి పట్టుకున్నాను. అది ఆ థియేటర్ గది కన్నా చల్లగా ఉంది. ఇద్దరం తలుపు వైపు చూస్తూ ఉండిపోయాం.

హరిచందన గారు వచ్చి అయిపోయిందన్నారు. గాలి దారి తెరుచుకుందని, పిల్ల హాయిగా ఊపిరి తీస్తోందని చెప్పారు. ఓనర్‌కు మాట ఇచ్చాను కాబట్టి అంటూ ఒక చిన్న సీసా చూపించారు. అడుగున చింతగింజంత గులాబీరంగు ముక్క. ఎప్పుడు వచ్చాడో, నా భుజం మీంచి పరుశురాం కూడా తొంగి చూశాడు.

"గింతనేనా సార్ ఆదినాయుడు?" అన్నాడు, మోసపోయినవాడిలా.

భూమికను తెచ్చి నా పక్క మంచం మీద పడుకోబెట్టారు. నోరు మూసుకుని, ముక్కుతో, చప్పుడు లేకుండా ఊపిరి తీస్తోంది. దాన్ని అలా ఎప్పుడు చూశామో మా ఇద్దరికీ గుర్తు రాలేదు. రజిని కొంగుతో ముఖం తుడుచుకుని, చెమట అంది. ఏసీ గదిలో.

చాలాసేపటికి భూమిక కళ్లు తెరిచింది. సీసా చూసింది. తిప్పి తిప్పి చూసింది. తర్వాత పక్క మంచం మీద నన్ను, నా చేతికున్న గొట్టాన్ని చూసింది. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"అమ్మా, డాడీకి గూడ ఆపరేషన్ అయిందా?"

అయిందంది రజిని, తడుముకోకుండా.

"ఏం తీసిన్రు?"

"మొత్తం చూసిన్రు బిడ్డా. లోపల ఏం దొరకలే."

భూమిక నా వైపు జాలిగా, చాలా శ్రద్ధగా, తల నుంచి కాళ్ల దాకా చూసింది. ఎక్కడో ఏదో ఉండే ఉంటుందని దానికి నమ్మకం.

"మల్లొకసారి చూడమను," అంది.

నేను కళ్లు మూసుకుని, ఇంకా మత్తులోనే ఉన్నట్టు పడుకున్నాను.